అల్లిక చెప్పిన మాట

బాలనర్సింహ ఇంట్లో ఫోన్లు మూడున్నాయి గాని, ఎక్కడైనా రాయించాల్సి వస్తే చెప్పే నంబరు మాత్రం ఒక్కటే. అది కూతురు పూర్ణిమది. రేషన్ దుకాణంలో, గ్యాస్ బుకింగులో, దవాఖానా చీటీ మీద, కళ్ళ పరీక్షల క్యాంపులో ఇంటిల్లిపాదీ ఆ నంబరే అప్పజెబుతారు. చదువుకున్న పిల్ల, ఓటీపీ వస్తే చూసి చెబుతుంది, మెసేజ్ వస్తే విప్పి చెబుతుంది, అవతలివాడు ఇంగ్లీషు దంచితే తిరిగి దంచుతుంది. పెళ్ళయి ఉప్పల్‌లో కాపురం పెట్టాక కూడా పుట్టింట్లో ఆ నంబరు చెలామణి ఆగలేదు. తల్లి సక్కుబాయికి తన సొంత నంబరు ఈరోజుకీ రాదు, కూతురిది మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. నాచారం పాత ఊళ్ళో ఏ తలుపు తట్టినా ఇదే వరస.

ఈ సంగతి పూర్ణిమకి తెలియదని ఎవరూ అనలేరు. ఆ ఓటీపీలన్నీ పడేది ఆమె ఫోన్లోనే కదా.

ఆమె చేసే పని పేరు ఆంటాలజీ. ఆ మాట ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు, కొన్నాళ్ళు అడిగి ఊరుకున్నారు. పేరు భయపెడుతుంది గాని పని అంత బ్రహ్మవిద్య కాదు. ఒక దవాఖానాలో ‘షుగర్’ అని రాస్తారు. ఇంకో ఆసుపత్రిలో అదే జబ్బుకి మూరెడు పొడుగు పేరు రాస్తారు. ల్యాబువాళ్ళు జబ్బు పేరే ఎత్తకుండా ఒక అంకె వేసి పంపేస్తారు. మూడూ ఒకటేనని డాక్టరుకి తెలుసు, కంప్యూటరుకి తెలియదు. దానికి తెలిసేలా, ఏది దేనికి మరో పేరు, ఏది దేనిలో ఒక రకం, ఏది ఉంటే ఏది ఉన్నట్టు లెక్క అని ఓపిగ్గా రాసిపెట్టాలి. అలా రాసినదాన్ని పట్టుకుని కంప్యూటర్లు ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకుంటాయి. అంతటితో ఆగవు, ఎవరూ చెప్పని సంగతుల్ని కూడా నాలుగు ముక్కలు కలిపి తామే తేల్చుకుంటాయి.

“ఏం పని బిడ్డా నీది?” అని సక్కుబాయి అడిగితే ఒకసారి చెప్పింది. “దవాఖానల కంప్యూటర్లు ఒకదానితోని ఒకటి మాట్లాడుకునేటట్టు జేస్తనమ్మా.”

“మంచిగుంది. డాక్టర్లైతే మాట్లాడుకోరు, గవ్వన్న మాట్లాడుకోనియ్” అంది సక్కుబాయి.

పూర్ణిమ కంపెనీ కట్టిన ఆ ఏర్పాటు పేరు అల్లిక. ఉప్పల్, నాచారం, హబ్సిగూడ చుట్టుపక్కల దవాఖానాలు, ల్యాబులు, డయాలసిస్ సెంటర్లు, రెండు పెద్ద ఆసుపత్రులు అందులో చేరాయి. దాన్ని నడిపించేది విశ్వనాథం. పెద్ద పరిశోధన సంస్థలో చేసి రిటైరైన శాస్త్రవేత్త, గోదావరి వైపు మనిషి, గొంతు పెంచి ఎరగడు. బీదవాళ్ళు ఒకే రక్తపరీక్షకి నాలుగు చోట్ల చెయ్యి చాపనక్కర్లేకుండా చెయ్యాలన్నది ఆయన పట్టుదల. పూర్ణిమకీ ఆ మాట మీద నిజంగానే నమ్మకం ఉండేది.

మొదట్లో ఒక పెద్ద పేచీ వచ్చింది. ఇక్కడి రికార్డులోని మనిషీ అక్కడి రికార్డులోని మనిషీ ఒకరేనని కంప్యూటరు దేన్ని చూసి పోల్చుకోవాలి? పేరు చూసి అన్నారు ఒకరు. వయసు కూడా కలిపి అన్నారు ఇంకొకరు. పూర్ణిమ లేచి తన తండ్రి చీటీలే తెర మీద చూపించింది. ఆధార్‌లో బాలనర్సింహ, రేషన్ కార్డులో నర్సింహులు, పాత కంపెనీ కాగితాల్లో బి. నర్సింగ్. వయసు చీటీకొకటి. అందరూ నవ్వారు. పేరునీ వయసునీ నమ్మకూడదని తేలిపోయింది. మగ, ఆడ తేడా లేకపోతే, ఫోన్ నంబరు ఒకటే అయితే, మనిషీ ఒకడే అని ఆమే నియమం రాసింది. తెర మీదున్న ఆ చీటీలన్నిటి మీదా నంబరు ఆమెదే. గదిలో ఒక్కరికీ అది తట్టలేదు. అందరికంటే ముందు తట్టాల్సినది ఆమెకి, ఆమెకే తట్టలేదు. ఇంట్లో రోజూ చూసే సంగతి ఆఫీసు కుర్చీలో కూర్చున్నాక గుర్తు రాకపోవడమనేది చదువుకున్న మనబోటివాళ్ళకి పట్టిన జబ్బు, దానికి ఏ ల్యాబులోనూ పరీక్ష లేదు.

ఇంకో నియమం కూడా రాసింది. హెపటైటిస్ బి లాంటి కాలేయపు జబ్బు ఒకసారి పట్టి పాతుకుందంటే ఒక్క పరీక్షలో నెగెటివ్ వచ్చినంత మాత్రాన పోయినట్టు కాదు. కాబట్టి పాజిటివ్ అని ఒకసారి ఎక్కితే, తర్వాత వచ్చే నెగెటివ్ దాన్ని చెరపకూడదు. డాక్టర్లు భేష్ అన్నారు. ఆ నియమంలో తప్పు వెతికితే ఇప్పటికీ ఎవరికీ ఏమీ దొరకదు.

తమ్ముడు ధర్మేందర్ నాచారంలోనే ఒక ఇంజనీరింగ్ యూనిట్లో లేత్ మీద పనిచేసేవాడు. ముప్పై నిండకుండానే, బీపీ ఉందని తెలిసేలోపే, కిడ్నీలు రెండూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఏడాదిపాటు సిటీలోని ఆసుపత్రికి బస్సులో పోయి, తిరిగొచ్చేటప్పుడు కిటికీకి తల ఆనించి పడుకుని వచ్చేవాడు. సక్కుబాయి తన కిడ్నీ ఒకటి ఇస్తానంది, పరీక్షల్లో సరిపోయింది కూడా, ఆపరేషన్‌కి పేరు రాయించారు. ఈలోగా ఇంటికి దగ్గర్లో, అల్లికలో ఉన్న డయాలసిస్ సెంటరు తెరిచారు. ధర్మేందర్ అక్కడికి మారాడు. బస్సు తప్పినందుకే ఇంట్లో పండగ చేసుకున్నంత సంబరపడ్డారు.

ప్రతిసారీ తోడు వెళ్ళేది సక్కుబాయి. ఆపరేషన్ బాగా జరగాలని మొక్కుకోవడానికి ఆమె కీసరగుట్టకి వెళ్ళిన రోజున పూర్ణిమ సెలవు పెట్టి తమ్ముడితో వెళ్ళింది. పొద్దున షిఫ్టు. పెద్ద హాల్లో మంచాలు, మంచానికొక మిషను. ధర్మేందర్ హాలు దాటుకుని వెనక గదిలోకి నడిచాడు. ఆ తలుపుకి పసుపు రంగు కాగితం అంటించి ఉంది. పూర్ణిమకి ఆ రంగు అర్థం తెలుసు. ఒక్క క్షణం తమ్ముడు దారి తప్పాడనుకుంది.

గదిలో టెక్నీషియన్ కొమురెల్లి సూది సిద్ధం చేస్తున్నాడు.

“కొమురెల్లన్నా, వీణ్ణి ఇండ్లెందుకు వేస్తున్నరు? ఇది పాజిటివ్ రూము గద.”

“పాజిటివే గదక్కా.”

“ఎవరు చెప్పిన్రు?”

“ఎవలన్న చెప్పుడేంది. వీని అల్లిక కార్డు కొట్టంగనే సిస్టంల వచ్చింది. హెపటైటిస్ బి. వచ్చినప్పటి సంది గీ రూముల్నే చేస్తున్నం.”

“చేరేటప్పుడు టెస్టు చెయ్యలేదా?”

“అల్లికల ఉంటే మళ్ళ టెస్టు అక్కర్లేదంట గద. పేషెంట్లకు తిప్పలు తప్పుతయని చెప్పిన్రు.” కొమురెల్లి తల ఎత్తకుండానే చెప్పాడు. ఆ మాట ట్రైనింగులో చెప్పింది పూర్ణిమ కంపెనీవాళ్ళే, రాసిచ్చింది పూర్ణిమే.

కొమురెల్లి తెర ఇటు తిప్పాడు. పేరు: బాలనర్సింహ. ఇతర పేర్లు: నర్సింహులు, బి. నర్సింగ్, ధర్మేందర్.

ఆమెకి ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. హెపటైటిస్ బి ఉన్నది తండ్రికి. ఆయన పాత కంపెనీలో రక్తదానం క్యాంపు పెట్టినప్పుడు ఎప్పుడో బయటపడింది, మనిషి దిట్టంగా తిరుగుతున్నాడు గనక ఎవరూ పట్టించుకోలేదు. ఆమె రాసిన నియమం తండ్రినీ కొడుకునీ కలిపి ఒక్క మనిషిని చేసింది. ఆ ఒక్క మనిషికి జబ్బుంది. సక్కుబాయి ఆడమనిషి కాబట్టి ఆ కలయికలో చేరకుండా మిగిలిపోయింది.

డయాలసిస్ అంటే ఒంట్లో రక్తం బయటికి తీసి, కడిగి, లోపలికి పంపడం. హెపటైటిస్ బి ఉండేదీ రక్తంలోనే. అందుకే జబ్బున్నవాళ్ళకి మిషన్లు వేరు, గది వేరు. ఆ గదిలో నాలుగు మంచాలకీ కొమురెల్లి ఒక్కడే తిరుగుతున్నాడు. ఒకరి సూది తీసి, ఒకరి గొట్టం సర్ది, మధ్యలో చేతి తొడుగులు మార్చుకుంటున్నాడు, ఒక్కోసారి మార్చుకోవడం లేదు. జబ్బులేని మనిషిని ఈ గదిలో ఉంచితే ఈరోజు కాకపోతే రేపు అంటుకుంటుంది. అంటుకోకముందే తమ్ముణ్ణి ఆ పసుపు కాగితం ఇవతలికి తేవాలి. అప్పటినుంచి పూర్ణిమ బతుకులో అదొక్కటే పని.

ఆరోజే వేరే ల్యాబులో రక్తం ఇప్పించింది. మర్నాడు రిపోర్టు నెగెటివ్ వచ్చింది. ల్యాబు మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. ఇంకా అంటుకోలేదు, సమయం ఉంది అనుకుంది.

రిపోర్టు తీసుకుని సెంటరుకి పరుగెత్తింది. కొమురెల్లి చదివాడు, తిప్పి చూశాడు, నిజంగానే బాధపడ్డాడు. “నాకు సమజైతుందక్కా. గని హాలుల మిషను కార్డు కొడితేనే నడుస్తది. పాజిటివ్ కార్డుకు అది నడ్వది. నేను ఏదో ఒకటి జేసి ఎక్కించిన్ననుకో, పక్క మంచమాయన నన్ను ఊకుంటడా? రేపు నిజంగ పాజిటివోడు గిట్లనే కాగితం పట్టుకొస్తే ఎక్కియ్యాల్నా? నువ్వే చెప్పు.”

పూర్ణిమ ఏం చెబుతుంది? అలా ఎక్కించకూడదనే కదా ఆమె రాసింది.

“నువ్వు ఆ కంపెనీల్నే జేస్తవ్ గద. అండ్ల మార్పియ్యి, నేను గంటల మారుస్త” అన్నాడు కొమురెల్లి.

అదీ నిజమే. ఆమె ఆఫీసుకి వెళ్ళి, రికార్డు తెరిచి, తమ్ముడికి అతని సొంత నంబరే రాసి, తండ్రినీ తమ్ముణ్ణీ విడదీసింది. ధర్మేందర్ పేరు కింద హెపటైటిస్ బి కొట్టేసింది. ఆ పని చెయ్యడానికి ఆమెకి అధికారం ఉంది, పని నిమిషంలో అయిపోయింది. తమ్ముడికి ఫోన్ చేసి, రేపు హాల్లో పడుకుంటావురా అని చెప్పింది.

తెల్లారి చూస్తే జబ్బు మళ్ళీ వచ్చి కూర్చుంది.

అల్లికలో ఉన్న ఒక పెద్ద ఆసుపత్రి నుంచి వచ్చింది. వాళ్ళకి ఆ సంగతి ఎలా తెలుసు? అల్లికే ఇదివరకు చెప్పింది. పూర్ణిమ మళ్ళీ కొట్టేసింది. ఈసారి ల్యాబు నుంచి వచ్చింది. ల్యాబుకి ఆసుపత్రి చెప్పింది. దాన్నీ తీసేస్తే మందుల కౌంటరు వాళ్ళ దగ్గరినుంచి వచ్చింది. నెగెటివ్ రిపోర్టు పక్కనే ఉంది, కాని నెగెటివ్ పాజిటివ్‌ని చెరపకూడదు కదా. వాడకట్టులో ఒక పుకారు పుడితే ఇంతే. ఎవరు మొదట అన్నారో ఎవరికీ గుర్తుండదు, అందరూ అంటున్నారు కాబట్టి నిజమే అయివుంటుందంటారు. అల్లిక కూడా అచ్చంగా అదే అంది. ఇంతకుముందు ఒక్కచోట నుంచి వచ్చిన సంగతి ఇప్పుడు మూడు చోట్ల నుంచి వస్తోంది గనక, ఇది మరింత నమ్మదగినది అని పక్కన రాసుకుంది.

పూర్ణిమ విశ్వనాథం గదిలోకి వెళ్ళి అంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఆ నంబరు రూలు తప్పమ్మా. నేనూ ఒప్పుకున్నవాణ్ణే, నాదీ తప్పే” అన్నాడు. “కాని దాన్ని ఇప్పటికిప్పుడు పీకేస్తే ఏమవుతుందో చూశావా? అది కలిపినవాళ్ళలో నిజంగా ఒక్కరే అయినవాళ్ళే ఎక్కువ. వాళ్ళంతా ముక్కలైపోతారు. ఒకాయనకి ఏ మందు పడదో ఒక ముక్కలో ఉండిపోతుంది, మందు రాసే డాక్టరు ఇంకో ముక్క చూస్తాడు. అక్కడ ఇంకెవరి తమ్ముడో పోతాడు.”

“మా తమ్ముడొక్కడికైనా ఏదో ఒకటి చెయ్యండి సార్.”

“ఒకటుంది. ‘ఈ మనిషికి హెపటైటిస్ బి లేదు’ అని గట్టిగా ఒక వాక్యం రాయాలి. ఎవరు ఏం పంపినా, ఏ ల్యాబు ఏమన్నా, ఆ వాక్యాన్ని దాటకుండా. అలాంటిది మనమే రాసుకోడానికి లేదు. రెండు ఆసుపత్రులూ, ల్యాబులూ అందరూ కూర్చుని ఒప్పుకోవాలి. నువ్వు రాసి ఇయ్యి, నేను పంపిస్తాను. రోజూ వెంటపడతాను.”

ఆయన నిజంగానే రోజూ వెంటపడ్డాడు. పాపం, ఆయన్ని తిట్టుకోవడానికి కూడా పూర్ణిమకి వీలు దొరకలేదు. ఒక ఆసుపత్రిలో సంతకం పెట్టాల్సిన డాక్టరు కాన్ఫరెన్సుకి వెళ్ళాడు. ఇంకోచోట వాళ్ళ లాయరు చదవాలన్నాడు. ల్యాబువాళ్ళు, ఇలా ఒకరికి ఒప్పుకుంటే రేపు అందరూ వస్తారన్నారు. ఎవరూ వద్దనలేదు. ఎవరూ తొందరపడలేదు కూడా.

ఈలోగా వారానికి మూడుసార్లు ధర్మేందర్ ఆ గదిలోకి వెళ్తూనే ఉన్నాడు. వెళ్ళక ఏం చేస్తాడు? ఒక్కసారి మానేసి చూశాడు. మర్నాటికి ఒళ్ళంతా నీరు పట్టి, ఊపిరాడక, గోడకి ఆనుకుని కూర్చుని నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకున్నాడు. ఆటోలో వేసుకుని అదే గదికి తీసుకెళ్ళారు. ఘట్‌కేసర్‌లో అల్లికలో చేరని సెంటరు ఒకటుంటే పూర్ణిమ అక్కడికీ వెళ్ళింది. వాళ్ళు రిపోర్టు చూసి సరేనన్నారు, సీటు మాత్రం లేదన్నారు. ఎప్పుడు ఖాళీ అవుతుందని అడిగితే, అక్కడ కూర్చున్నామె ఇబ్బందిగా నవ్వింది. డయాలసిస్ సీటు ఎలా ఖాళీ అవుతుందో అందరికీ తెలుసు. తిరిగొస్తూ రైలు గేటు దగ్గర ఆగినప్పుడు, ముక్కూ మొహం తెలియని ఎవరో ఒకరు త్వరగా పోవాలని కోరుకుంటున్నానని పూర్ణిమకి తెలిసొచ్చింది. సిగ్గుపడింది. కాని కోరుకోవడం మానలేదు.

ఒకరోజు మంచం పక్కన కూర్చుని తమ్ముడితో ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

“ధర్మా, ఆ రూలు రాసింది నేనే రా.”

ధర్మేందర్ గొట్టంలో తిరుగుతున్న తన రక్తం వైపు చూస్తున్నాడు. “మరి తీసెయ్ అక్కా.”

“తీసెయ్యనీకి వస్తలేదు.”

“నువ్వు రాసిందే గద.”

“రాసినప్పుడు నాదే. ఇప్పుడు అందరిదైంది.”

అతను మూల మంచం వైపు తల తిప్పాడు. “గా మూలకున్న తాత ఉన్నడు సూడు, పదేండ్ల సంది పాజిటివంట. మంచోడు. నాకు సంత్రాలు ఒలిచి ఇస్తడు. కిడ్నీలు చెడినోళ్ళు తినొద్దంటరని నేను తినలే. పాపం ఫీలైండు” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. “అక్కా, నాకు నిజంగనే అంటుకుంటే అమ్మది కిడ్నీ వేస్తరా?”

“ఏం అంటుకోదు. ఫికర్ చెయ్యకు” అంది పూర్ణిమ. అంతకంటే పెద్ద అబద్ధం ఆమె ఎప్పుడూ ఆడలేదు.

ఇంట్లో బాలనర్సింహ పరిస్థితి ఇంకా అధ్వానం. విషయం తెలిసిన దగ్గర్నుంచి తన కంచం, గ్లాసు వేరు పెట్టుకున్నాడు. కొడుకు మంచం ఉన్న గదిలోకి రావడం మానేసి వాకిట్లో పడుకుంటున్నాడు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల వరి పండించిన మనిషి, పొలం పోయాక మందుల కంపెనీలో మూటలు మోసి పిల్లల్ని చదివించిన మనిషి, ఇప్పుడు తన ఇంట్లో తనే దొంగలా తప్పుకు తిరుగుతున్నాడు.

“నాయినా, అది కంచంతోని రాదు, గ్లాసుతోని రాదు. రక్తంతోనే వస్తది” అని పూర్ణిమ ఎన్నిసార్లు చెప్పినా ఒకటే మాట.

“నాకేం తెల్వదు బిడ్డా. నా రోగమే వాని మీదికి పోయిందన్నవ్ గద. నాదే గద.”

“కంప్యూటర్ల పోయింది నాయినా. ఒంట్లకు పోలే.”

“ఎండ్ల పోతేంది. పిలగాడు ఆ రూముల్నే పంటున్నడు గద” అన్నాడు బాలనర్సింహ.

చివరికి రెండు ఆసుపత్రులూ సంతకాలు పెట్టాయి. లాయరు ఒప్పుకున్నాడు. ల్యాబువాళ్ళు ఒక్క షరతు పెట్టారు. పాత నెగెటివ్ రిపోర్టు మీద కాదు, కొత్తగా రక్తం తీసి, నెగెటివ్ అని రూఢి చేసుకుని, అప్పుడు హాల్లోకి మార్చాలన్నారు. న్యాయమైన షరతే. కొమురెల్లి రక్తం తీసి ట్యూబు మీద పేరు రాస్తూ, “ఇగ అయిపోయిందక్కా, వచ్చే వారం హాలుల కిటికి పక్క మంచం ఇస్త” అన్నాడు. ఆరోజు సక్కుబాయి చాలాకాలం తర్వాత పాయసం చేసింది. ధర్మేందర్‌కి పాయసం పడదని తెలిసీ చేసి, ఒక్క చెంచా నోట్లో పెట్టింది.

రెండో రోజు డయాలసిస్ సెంటరు డాక్టర్ కల్పన పూర్ణిమని అక్కడికి పిలిపించింది. ఫోన్లో చెప్పలేదంటేనే పూర్ణిమకి సగం అర్థమైంది. ఉప్పల్ నుంచి ఆటోలో వస్తూ, ఎందుకు పిలిచారో ఇంకేవో కారణాలు వెతుక్కుంది. ఒక్కటీ నిలబడలేదు.

డాక్టర్ కల్పన రిపోర్టు ముందుకు జరిపింది. పాజిటివ్.

“రెండుసార్లు చేయించాను. రెండుసార్లూ అదే వచ్చింది” అంది. “కొత్తగా సోకినట్టుంది. టీకా వేశారు గాని, డయాలసిస్ వాళ్ళకి అది సరిగ్గా పట్టదు. ఆపరేషన్ సంగతి ప్రస్తుతానికి ఆపాలి. మందులు మొదలుపెట్టి, ఎలా ఉంటుందో చూసి…” అని ఆగిపోయింది.

“ఆ పసుపు కాగితం గదిలోనే అంటుకుంది మేడం.”

“అయుండొచ్చు.” డాక్టరు కళ్ళు దించుకుంది. “మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?”

“మా నాయినకి ఉంది.”

“అయితే ఎక్కడినుంచి వచ్చిందని చెప్పడం కష్టం పూర్ణిమగారూ. రేపు మీరు అడిగినా, వాళ్ళు ఇంట్లోంచే వచ్చిందంటారు.”

పూర్ణిమ తల ఊపింది. కోపం రావాల్సిన చోట కోపం రాలేదు. కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. బయట వరండాలో సక్కుబాయి, ధర్మేందర్ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. వాళ్ళకి ఈ మాట ఏ నోటితో చెప్పాలి? తలుపు సందులోంచి తల్లి చెయ్యి కనిపిస్తోంది, కొడుకు చేతి మీద సూది గుచ్చిన చోట నెమ్మదిగా రాస్తోంది.

అప్పుడే విశ్వనాథం ఫోన్ చేశాడు. ఆ పెద్దమనిషి గొంతులో ఇన్నాళ్ళకి హుషారు వినిపించింది.

“పూర్ణిమా, చివరి సంతకం, ల్యాబువాళ్ళది కూడా వచ్చేసిందమ్మా. కొత్త రిపోర్టు వచ్చేదాకా ఆగుదామన్నారు గాని, నేనే పోట్లాడాను, ఇప్పటికే ఆలస్యమైంది, ముందు మార్చండి అన్నాను. నీ వాక్యం ఎక్కించేశాను. ఈ సాయంత్రానికి అన్నిచోట్లకీ వెళ్ళిపోతుంది. రేపు పొద్దున షిఫ్టుకి మీవాడు హాల్లో ఉంటాడు.”

పూర్ణిమకి ఆ వాక్యం కంఠతా వచ్చు. ఈ మనిషికి హెపటైటిస్ బి లేదు. ఎవరు ఏం పంపినా, ఏ ల్యాబు ఏమన్నా, అది కదలదు. అలా కదలకుండా ఉండాలనే ఒక్కొక్క మాటా ఏరి ఏరి రాసింది. ఇప్పుడు కల్పన చేతిలో ఉన్న పాజిటివ్ రిపోర్టు వెళ్ళినా అల్లిక తోసిపారేస్తుంది. రేపు పొద్దున ధర్మేందర్ కార్డు కొడితే హాల్లో మిషను నడుస్తుంది. కిటికీ పక్క మంచం. అతని తర్వాత అదే మంచం మీద, అదే మిషను మీద ఇంకొకరు పడుకుంటారు. వాళ్ళకీ ఒక అక్క ఉంటుంది.

ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణమే, అలాగే వదిలేద్దామా అనిపించింది. తమ్ముడు హాల్లో పడుకుంటాడు. అమ్మ సంతోషిస్తుంది. నాయిన లోపలికి వచ్చి పడుకుంటాడు.

“అది తీసెయ్యాలి సార్” అంది.

“ఏంటమ్మా? సరిగ్గా వినపళ్ళేదు.”

“ఆ వాక్యం తీసెయ్యాలి సార్. ఇప్పుడది అబద్ధం.”

విశ్వనాథం, “అయ్యో తల్లీ” అన్నాడు, అంతే. రాసినవాళ్ళే వెనక్కి తీసుకోవాలి గనక ఆయన చేసేదేమీ లేదు.

పూర్ణిమ బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి డాక్టరు బల్ల మీదే తెరిచింది. వాక్యం దొరికింది, పక్కన సంతకాలు పెట్టినవాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. వెనక్కి తీసుకుంటున్నానని నొక్కింది. ఎందుకని అల్లిక అడిగింది. కారణం రాయకపోతే ముందుకు పోనివ్వదు, ఆ ఏర్పాటు కూడా ఆమె పెట్టిందే. కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది, అక్షరాలు కనిపించేదాకా ఆగింది. ‘రికార్డులో మొదటినుంచీ ఉన్నదే నిజం’ అని రాసింది.

అల్లిక వెంటనే ఒప్పుకుంది. తమ్ముడి గురించి ఆమె చెప్పిన మాటల్లో అది ఒప్పుకున్నది ఆ ఒక్కటే.